పదకొండో నంబరు సాంచెకు కంప్యూటర్ చక్రం

కంప్యూటరు ఉన్న గదిలోకి చెప్పులతో అడుగుపెడితే కంప్యూటరుకి జ్వరం వస్తుందని చదువుకున్నవాళ్ళు కూడా నమ్మిన కాలం ఒకటి ఉండేది. తొంభైల నడిమి మాట. పాలిటెక్నిక్ పట్టా చేతికొచ్చిన ఆరో నెలలో సూరత్ పక్కనున్న సచిన్ అనే ఊళ్ళోని ఒక డ్రాయింగ్ ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. హజీరా వైపు పెద్ద ఫ్యాక్టరీలకు కావలసిన ట్యాంకులకీ గొట్టాలకీ బొమ్మలు గీసి ఇవ్వడం మా పని. ఆఫీసంతా కలిపితే ఒకటిన్నర గది. ఒక గది కంప్యూటరుది, అరగది మనుషులది. కంప్యూటరుకి ఊదారంగు మఖ్మల్ ముసుగు ఉండేది, మాకు ఫ్యాను కూడా లేదు. లోపలికి వెళ్ళాలంటే గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని, తుమ్ము ఏదైనా మిగిలి ఉంటే బయటే తుమ్మేసి వెళ్ళాలి. ఆఫీసు యజమానిని మేము చాటుగా చల్లని సాబ్ అనేవాళ్ళం. ఆయన స్వభావం చల్లనిదని కాదు, ఏసీ మీద ఈగ వాలినా ఆయన ప్రాణం విలవిల్లాడేదని. ఆ ఏసీ ఎంత ఘనమైనదంటే, పొద్దున లోపలికి తీసుకెళ్ళిన చాయ్‌లో చెంచా పెడితే మధ్యాహ్నానికి నిలబడి ఉండేది. (నిలబడిందని ఒట్టు వేయలేను గానీ, వాలడానికి మాత్రం చాలాసేపు ఆలోచించేది.)

కానీ ఆ గదిలో కూర్చుంటే నాకు లోకం గుర్తుండేది కాదు. బయట సచిన్ అంతా లారీల రొద, రంగునీళ్ళ వాసన, ఎండ. లోపల నల్లటి తెర. ఆ నలుపులో ఒక పసుపు గీత మొలిచేది, దాని పక్కన ఇంకోటి, అలా అలా ఒక ఆకారం ఏ దారం లేకుండా వేలాడుతూ తయారయ్యేది. కాగితం మీద గీసిన బొమ్మ మన వైపే చూస్తూ పడుకుని ఉంటుంది. దీన్నైతే ఇటు తిప్పొచ్చు, అటు వంచొచ్చు, కింద దూరి పైకి చూడొచ్చు. వెనకవైపు గీతలు కనపడకుండా దాచమని మీట నొక్కితే కంప్యూటరు ఆలోచనలో పడేది. ఆ ఆలోచన తెమిలేలోపు నేను ఒక కల కనేసి, అందులో పెళ్ళి కూడా చేసుకుని, తిరిగి వచ్చేవాణ్ణి. వచ్చేసరికి తెర మీద ఇనుము ఎరగని ఇనుపవస్తువు ఒకటి చీకట్లో చంద్రుడిలా తేలుతూ ఉండేది. దానికి బరువు లేదు, తుప్పు లేదు, చప్పుడు లేదు. చప్పుడు లేని యంత్రాన్ని నేను పుట్టి బుద్ధెరిగాక చూడటం అదే మొదలు.

ఎందుకంటే మాది చప్పుడులో పుట్టిపెరిగిన వంశం. మా బాపు సూరత్ శివారు భేస్తాన్‌లో ఒక శేఠ్ కార్ఖానాలో సాంచెలు బాగుచేసే జాబర్. (మరమగ్గాన్ని మావాళ్ళు సాంచె అంటారు. అలాగే నాన్నని బాపు అనీ, అమ్మని అవ్వ అనీ అంటారు. అవ్వ అనగానే బోసినోటి ముసలమ్మని ఊహించుకునేవాళ్ళు దయచేసి ఆపండి, అప్పటికి మా అవ్వ బస్సు వెనక పరుగెత్తి డ్రైవర్ని తిట్టి మరీ ఎక్కేది.) కార్ఖానాలో పన్నెండు సాంచెలు. వాటిలో పదకొండో నంబరుది అన్నిటికంటే ముసలిది. దొరల కాలంలో ఓడెక్కి వచ్చిందని బాపు చెప్పేవాడు, ఆయన చెప్పే తీరు చూస్తే ఆ ఓడ తెడ్డు వేసింది కూడా ఆయనేనేమో అనిపించేది. కరీంనగర్ దిక్కు నుంచి ఒక సంచీతో సూరత్ దిగిన రోజున ఆయనకు అప్పగించిన మొదటి సాంచె అదే. మిగతా పదకొండింటితో స్పానర్‌తో మాట్లాడేవాడు, దాంతో మాత్రం నోటితో మాట్లాడేవాడు. "ఏందే, పొద్దుగాలనే అలిగినవ్?" అని ఆయన అడగడం, అది రెండుసార్లు ఖణేల్‌మని నడకలో పడటం నేను కళ్ళారా చూశాను.

అలాంటి పదకొండో నంబరు ఒకరోజు ఫట్‌మని ఆగిపోయింది. అడుగున తిరిగే పళ్ళచక్రం, అన్నం తినే కంచమంత ఉంటుంది, దానికి రెండు పళ్ళు ఊడి నిలువునా పగులు వచ్చింది. ఆ చక్రం ఎక్కడా దొరకదు. చేసిన కంపెనీ మూతపడి రెండు తరాలైంది. శేఠ్ మంచివాడే గానీ ఓపికకి గడువు పెట్టే మనిషి. "మాస్టర్, దసరా తక్ దేఖో. దసరా కే దూస్రే దిన్ భంగార్‌వాలా ఆయేగా" అన్నాడు. భంగార్ అంటే పాత ఇనుము. దసరా మర్నాటికి చక్రం దొరక్కపోతే పదకొండో నంబరు ముక్కలై తూకానికి వెళ్తుందన్నమాట. బాపు ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కలుపుకుని, కలిపినదాన్నే మళ్ళీ మళ్ళీ కలుపుతూ కూర్చున్నాడు.

అప్పుడు నా నోరు ఊరుకోలేదు. అప్పటికే నేను భేస్తాన్ అంతటా కంప్యూటరు గొప్పలు చెప్పి చెప్పి ఉన్నాను. మా గల్లీలో ఎవరింటి రేడియో పాడైనా "మీ పోరని కంప్యూటర్ల పెట్టుమను" అనేంతవరకూ వచ్చింది వ్యవహారం. "బాపూ, నువ్వు ఫికర్ చెయ్యకు. చక్రాన్ని కంప్యూటర్ల తయారుజేస్త" అన్నాను.

అవ్వ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పింది. "దాంట్ల ఇనుము గూడ ఉంటదా బిడ్డా?"

"ఇనుము ఉండదవ్వా. మోడల్ ఉంటది. దాన్ని జూసి కట్టెతోని అచ్చు చేస్తరు, అచ్చుతోని ఇనుము పోస్తరు."

"మరి చక్రాన్నే జూసి కట్టె చెక్కరాదా? నడుమ గిదెందుకు?"

నేను నవ్వాను. చదువుకున్నవాళ్ళు ఇలాంటప్పుడు నవ్వడానికే చదువుకుంటారు. బాపు మాత్రం నా వైపు కొత్తగా చూశాడు. "దారంతోని కొలిచి ముడులేసి ఇయ్యాల్నారా? ఏడేడ ఎంతుందో నాకెరుకే" అన్నాడు.

"దారమా! బాపూ, మా వెర్నియర్ వెంట్రుకల సగాన్ని కొలుస్తది."

"వెంట్రుకల సగం ఎవనికి గావాలెరా? సాంచె నడవాలె గని" అన్నాడు బాపు. అని, మర్నాడు పొద్దున ఆ చక్రాన్ని విప్పి, తన ఉతికిన లుంగీలో పసిపిల్లను చుట్టినట్టు చుట్టి నా ఒళ్ళో పెట్టాడు. నేను సచిన్ బస్సులో దాన్ని మోసుకుపోతుంటే పక్కాయన లేచి సీటిచ్చాడు. (పసిబిడ్డ అనుకునే ఇచ్చాడు. నేనూ కాదనలేదు.)

చల్లని సాబ్ ఒప్పుకోడేమోనని భయపడ్డాను గానీ, చక్రాన్ని చూడగానే ఆయనకి నాకంటే పెద్ద కల వచ్చింది. "సూరత్ మే కిత్నే లూమ్ హై మాలూమ్? సబ్ బుడ్ఢే! సబ్ కా గేర్ టూటేగా!" అని, సూరత్‌లోని ముసలి సాంచెలన్నిటికీ విరగబోయే పళ్ళన్నీ కళ్ళముందు లెక్కపెట్టుకుంటూ నాకు రోజూ భోజనం గంట కంప్యూటరు వాడుకోవడానికి అనుమతి ఇచ్చాడు. అలా నా మహాయజ్ఞం మొదలైంది. పళ్ళు కొలిచాను, నడుమ రంధ్రం కొలిచాను, నడుమ నుంచి అంచుకు పోయే ఆకులు కొలిచాను. ఇంతలో చక్రం ఒక పక్కన, నడిమి గుండ్రానికి కాస్త ఎగువన, ఒక ఎత్తు కనిపించింది. వేలెడు పొడవు, తామరగింజంత మందం, రెండు చివర్లా సన్నబడి, మధ్యలో ఉబ్బి, కొంచెం పక్కకు ఒరిగి ఉంది. చక్రం ఎంత నల్లగా ఉందో అదీ అంతే నల్లగా, అంతే గట్టిగా ఉంది. పెన్నుతో కొడితే టక్‌మంది. ఇంత ముఖ్యమైన భాగం మా బాపు దారంలో ఏ ముడికీ అందదు కదా అని నాకు ఎంత గర్వం వేసిందో!

"యే క్యా హై?" అన్నాడు చల్లని సాబ్ వంగి చూస్తూ.

నాకు తెలియదు అని చెప్పే వయసు కాదది. "బ్యాలెన్స్ వెయిట్ సార్" అన్నాను. "చక్రం తిరిగేటప్పుడు ఒకవైపు ఊగకుండా ఇటు బరువు పెట్టారు. అందుకే వంకరగా పెట్టారు చూడండి. దొరలు ఊరికే పెట్టరు." సాబ్ చాలాసేపు తల ఊపాడు. దొరలు నాతో స్వయంగా చెప్పినట్టే నేనూ తల ఊపాను.

మిగిలిన చక్రమంతా నాలుగు భోజనాల గంటల్లో అయిపోయింది. ఆ ఒక్క ఎత్తుకి మాత్రం తొమ్మిది గంటలు పట్టింది. ఎందుకంటే అందులో ఒక్క తిన్నని గీత లేదు. ఏ సూత్రానికీ లొంగని వంపు అది. ఒకవైపు మెల్లగా లేచి, మరోవైపు హఠాత్తుగా జారిపోయేది. రాయిగా గడ్డకట్టిన నదిలా ఉందనుకునేవాణ్ణి. దాన్ని వెర్నియర్‌తో అరవైచోట్ల కొలిచి, అరవై చుక్కలు పెట్టి, చుక్కల్ని గీతలతో కలిపి, ముగ్గు వేసినట్టు వేశాను. ఒరిగిన కోణం కూడా తప్పనివ్వలేదు. అన్నం తినడం మరిచిపోయాను. అవ్వ కట్టిచ్చిన జొన్నరొట్టె టిఫిన్ డబ్బాలో విరగని పలక అయ్యేది. చివరి రోజు వెనకగీతలు దాచమని మీట నొక్కి, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఏసీ గొణుగుతోంది. ఎక్కడో దూరంగా, నిద్రలోలా, లారీల హారన్లు. కళ్ళు తెరిచేసరికి నల్లటి ఆకాశంలో పదకొండో నంబరు చక్రం నిండుగా, పగులు లేకుండా, పళ్ళన్నిటితో వెలుగుతోంది. దాని మీద ఆ చిన్న ఎత్తు పసుపు గీతల్లో మెరుస్తోంది. ఇంత అందమైనదాన్ని నేను చూడలేదు. ఏదో బాగా తెలిసినదాన్ని చూస్తున్నట్టు కూడా అనిపించింది గానీ, ఆకలివల్ల అనుకుని ఊరుకున్నాను.

కట్టె అచ్చు చెక్కడానికి ఒక గుజరాతీ ముసలి మిస్త్రీ దగ్గరికి వెళ్ళాను. ఆయన నా కాగితాల్ని చెవి మీద పెన్సిలు తీయకుండానే చదివి, ఆ ఎత్తు దగ్గర ఆగాడు. "ఆ శూ ఛే?" అన్నాడు, ఇదేమిటని. నేను బ్యాలెన్స్ వెయిట్ గురించి హిందీలో ఉపన్యాసం ఇచ్చాను. ఆయన "నలభై ఏళ్ళుగా లూమ్ అచ్చులు చెక్కుతున్నా, ఇలాంటిది ఎన్నడూ చెక్కలేదు" అన్నాడు. "ఇన్నాళ్ళూ కంప్యూటరు లేదు కద కాకా" అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందకి చూసి, చెక్కాడు. నిజం చెప్పాలంటే ప్రాణం పెట్టి చెక్కాడు. పోతపోసి, రంధ్రం తొలిచి, చక్రం నా చేతికి వచ్చేసరికి సరిగ్గా దసరా పొద్దున అయింది.

దసరా నాడు సాంచెలు నడవవు. వాటికి స్నానం చేయించి, మామిడాకులు కట్టి, పూజ చేస్తారు. కార్ఖానా నిండా మనుషులు, పూలు, కొబ్బరికాయలు. శేఠ్ తెల్లటి బట్టల్లో వచ్చాడు. చల్లని సాబ్ కూడా వచ్చాడు, తన భవిష్యత్తు తిరగడం కళ్ళారా చూద్దామని. బాపు కొత్త చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పళ్ళు మంచిగ వచ్చినయ్" అన్నాడు. ఆయన నోటి నుంచి అది పద్మశ్రీ. ఇరుసుకి ఎక్కించాడు. పళ్ళు పళ్ళలో కూర్చున్నాయి. చేత్తో పెద్దచక్రాన్ని తిప్పాడు. పావు తిరిగింది, సగం తిరిగింది.

టక్. ఆగింది.

వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకు. మళ్ళీ అక్కడే టక్. కార్ఖానాలో కొబ్బరికాయలు కొట్టడం ఆగిపోయింది. పన్నెండు సాంచెలూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. బాపు బ్యాటరీ లైటు వేసి సందులోకి తొంగి చూశాడు. "ఏందో చట్రానికి తాకుతున్నదిరా. పాతదానికి తాకలేదు గదా!"

"బ్యాలెన్స్ వెయిట్ అయ్యుంటది" అన్నాను.

"ఏం వెయిట్?"

శేఠ్ గడియారం చూసుకున్నాడు. "మాస్టర్, బహుత్ కోశిశ్ కియా. కల్ భంగార్‌వాలా..." అని మొదలుపెట్టాడు. బాపు సాంచె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, అంతే. నా కాళ్ళ కింద భేస్తాన్ అంతా మెల్లగా దిగబడిపోతోంది.

సరిగ్గా అప్పుడే మా అవ్వ పసుపు కుంకుమల పళ్ళెంతో వచ్చింది. ఆమెకి ఈ గొడవేమీ తెలియదు, ఒకటో నంబరు నుంచి వరసగా బొట్లు పెట్టుకుంటూ వస్తోంది. పదకొండో నంబరు దగ్గరికి రాగానే ఎవరి వంకా చూడకుండా, పదిహేనేళ్ళ అలవాటుకొద్దీ, కొంగు దోపుకుని, చట్రానికీ చక్రానికీ మధ్య సందులో చెయ్యి వంకరగా దూర్చి, ఉంగరపు వేలితో నిలువు బొట్టు పెట్టబోయి, ఆగింది.

వేలితో తడిమి చూసింది. "ఏందయ్యా, కొత్త చక్రమంటిరి. నా బొట్టు దీనికి ముందుగాలనే ఉన్నది గదా!"

ఎవరికీ అర్థం కాలేదు. నేను మాత్రం అవ్వ వేలి వంక చూశాను. బాపు చక్రం విప్పి బయటికి తీశాడు. అవ్వ తన తడి పసుపు వేలిని ఆ ఇనుప ఎత్తు మీద ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకు లాగింది. కొలిచి పోసినట్టు సరిపోయింది. చెయ్యి వంకరగా దూరాలి కాబట్టి వంకరగా, మొదట ఒత్తి పెట్టి చివర వేలు ఎత్తేస్తుంది కాబట్టి ఒకవైపు ఉబ్బి, మరోవైపు జారి. పదిహేను దసరాల పసుపు, కుంకుమ, దాని మీద నూనె, దాని మీద నూలు దుమ్ము, దాని మీద మళ్ళీ పసుపు. రాయైపోయిన ఆ పెచ్చుని నేను దొరల ఇంజినీరింగ్ అనుకుని అరవైచోట్ల కొలిచి ఇనుములో పోయించాను! ఎక్కువ పెరిగినప్పుడల్లా పాత పెచ్చును చట్రం గీకేసేది కాబట్టి అది ఎన్నడూ అడ్డం రాలేదు. పోతలో వెంట్రుకంత లావెక్కిన ఇనుమును గీకడం చట్రం వల్ల కాలేదు.

ముందు నవ్వింది శేఠ్. తరువాత కార్ఖానా అంతా. చల్లని సాబ్ గోడవైపు తిరిగి నవ్వాడు, నా ఉద్యోగం మీద జాలితో. అవ్వ మాత్రం నవ్వలేదు. ఇనుప బొట్టును చూసి, నన్ను చూసి, "నా వేలును గింత మంచిగ ఎట్ల కొలిచినవ్ బిడ్డా!" అంది. ఆ తొమ్మిది గంటలకి నాకు దక్కిన ఒకే ఒక్క మెప్పు అది.

"ఘిస్ డాలో" అన్నాడు శేఠ్ కళ్ళు తుడుచుకుంటూ. ఆకురాయి తెచ్చి అరగదీసేయమని. ఎవరో ఆకురాయి తెచ్చారు కూడా.

"ఏందీ, దసరా పూట బొట్టు చెరుపుతరా?" అని అవ్వ ఒక్క అరుపు అరిచింది. ఆకురాయి తెచ్చినవాడు దాన్ని ఎక్కడ దాచుకున్నాడో ఈరోజుకీ తెలియదు. శేఠ్ కూడా రెండడుగులు వెనక్కి వేశాడు.

బాపు ఇవేవీ వినడం లేదు. చతికిలబడి, చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, జేబులోంచి దారం తీసి ఆ బొట్టు ఎత్తుని కొలిచి ఒక ముడి వేశాడు. మూలన పడున్న తెగిన తోలుపట్టా ఒకటి తెచ్చి, ముడి చూసుకుంటూ గుండ్రంగా ఒక బిళ్ళ కోసి, ఇరుసుకి తొడిగి, దాని ముందు చక్రాన్ని ఎక్కించాడు. చక్రం చట్రానికి బిళ్ళమందం దూరం జరిగింది. చేత్తో తిప్పాడు. పావు, సగం, ముప్పావు, పూర్తి. బొట్టు చట్రం పక్కనుంచి, తాకీ తాకకుండా, పెళ్ళిలో వియ్యపురాలు తప్పుకున్నట్టు తప్పుకుని వెళ్ళింది. పూజ కాగానే శేఠ్ ఒప్పుకుని ఒక్క నిమిషం కరెంటు ఇప్పించాడు. పదకొండో నంబరు రెండుసార్లు ఖణేల్‌మని నడకలో పడింది.

"రెహ్నే దో మాస్టర్" అన్నాడు శేఠ్. ఉండనీ అని. భంగార్‌వాలా మర్నాడు వచ్చి ఒక పాత సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు.

బాపు చేతులు తుడుచుకుంటూ నా పక్కకు వచ్చాడు. తిడతాడనుకున్నాను. "వెంట్రుకల సగం కొలిచేదానికి బొట్టు ఏదో ఇనుము ఏదో ఎరుక లేదా?" అన్నాడు, నిజంగానే తెలుసుకోవాలని. తరువాత, కాస్త ఆగి, "పళ్ళు మాత్రం మంచిగ వచ్చినయ్" అన్నాడు మళ్ళీ.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. దీపావళి తరువాత ముగ్గురు మావాళ్ళు, మూడు వేరువేరు కార్ఖానాల జాబర్లు, లుంగీల్లో చుట్టిన విరిగిన చక్రాలతో సచిన్ వచ్చారు. పదకొండో నంబరు ఒక్కరోజు కూడా ఆగకుండా నడుస్తోందట. "మాకు గూడ బొట్టున్న చక్రమే గావాలె" అన్నారు. చల్లని సాబ్ నా వైపు చూశాడు. నేను ముసుగు తీసి కంప్యూటరు ముందు కూర్చుని, మా అవ్వ బొట్టును తెచ్చి వాళ్ళ చక్రాల మీద అతికించాను. ఈసారి చట్రానికి తాకనంత పల్చగా. మిస్త్రీ ఆ కాగితాలు చూసి "బ్యాలెన్స్ వెయిట్?" అన్నాడు. "హా కాకా" అన్నాను. ఆయన కళ్ళెత్తకుండా చెక్కాడు.

ఇప్పుడు నేను పిల్లలకు ఇదే విద్య నేర్పుతున్నాను. మీట నొక్కితే వెనకగీతలు రెప్పపాటులో మాయమవుతాయి, కలగనే వ్యవధి ఎవరికీ లేదు. వస్తువు ముందు ఒక పరికరం పెడితే అదే కొలిచేసుకుంటుంది. మొదటి పాఠంగా నేను ఒకటే చెబుతాను: కొలిచేముందు వస్తువును శుభ్రం చేయండి. ఎందుకని వాళ్ళు అడగరు, నేను చెప్పను. పదకొండో నంబరు తన ఆయుష్షు తీరాకే వెళ్ళిపోయింది. బాపు చక్రాన్ని మాత్రం విప్పి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. ప్రతి దసరాకీ అవ్వ దానికి బొట్టు పెడుతుంది. దూర్చడానికి ఇప్పుడు సందు లేదు, అడ్డం రావడానికి చట్రం లేదు, అయినా చెయ్యి దానంతటదే వంకర తిరుగుతుంది. ఇనుప బొట్టు మీద పసుపు బొట్టు, దాని మీద నా గదిలో దుమ్ము. దసరా వెళ్ళిన మర్నాడు తలుపు వేసుకుని, పాత వెర్నియర్ తీసి, ఎవరూ చూడకుండా దాన్ని కొలుస్తాను. తుడవకుండానే. ఈ ఏడు వెంట్రుకలో సగం పెరిగింది.